పాత ఫియట్, అంబాసిడర్ బండ్లకి ఫ్యూయల్ పంపు: ఏది పెట్టాలి, ప్రెజర్ ఎంత ఉంచాలి

మా ఇంట్లో 1984 ప్రీమియర్ పద్మిని ఉంది, నాన్నగారు కొన్నది, ఇంట్లో అందరం ఇప్పటికీ ఫియట్ అనే అంటాం. రెండు వేసవుల కిందట అది ఎండలో పావుగంట నడిచి ఆగిపోవడం మొదలెట్టింది. కాసేపు వదిలేస్తే మళ్ళీ మామూలుగా స్టార్ట్ అయ్యేది. నేనేమో పంపు పోయిందని డిసైడ్ అయిపోయి, ఒక షాపుకెళ్ళి ఎలక్ట్రిక్ పంపు కొనుక్కొచ్చి ఆదివారం పొద్దున్నే బిగించేశా. "కార్బొరేటర్ బండికి ఏదైనా ఒకటే సార్" అన్నాడు షాపతను. స్టార్ట్ చేసిన రెండో నిమిషానికి కార్బొరేటర్ (పెట్రోల్ని గాలితో కలిపి ఇంజిన్‌కి ఇచ్చేది) మూత పక్కనుంచి పెట్రోలు వేడి ఇంజిన్ మీదకి కారుతోంది, కళ్ళకి కనపడకముందే ముక్కుకి తెలిసింది కాబట్టి సరిపోయింది, తాళం ఆపేసి బ్యాటరీ వైరు పీకేశా. తర్వాత గేజ్ తెచ్చి చూస్తే ఆ పంపు 6 పీఎస్ఐ (టైర్లలో గాలి కొలిచే ప్రెజర్ లెక్కే) కొడుతోంది. మా బండిలో ఉన్న సోలెక్స్ కంపెనీ కార్బొరేటర్‌కి రెండున్నర చాలు.

ఇంకా సిగ్గు పడాల్సిన విషయం ఏంటంటే పాత పంపుకి అసలేం కాలేదు. విజయవాడ ఆటోనగర్‌లో నాన్నగారి రోజుల నుంచి మా బండి చూసే పెద్దాయన ఉన్నారు, ఆయన దగ్గరికి తోసుకెళ్తే బానెట్ కూడా ఎత్తలేదు. "పంపు సంగతి తర్వాత, ముందు ట్యాంకు మూత తియ్యి బాబూ" అన్నారు. తీస్తే బుస్సుమంది. మూతలో గాలి పోవడానికి ఉండే చిన్న బొక్క మట్టితో మూసుకుపోయింది, పెట్రోలు తగ్గే కొద్దీ ట్యాంకులో వాక్యూమ్ పెరిగి పంపు లాగలేకపోతోంది, బండి ఆగాక నెమ్మదిగా గాలి చేరి మళ్ళీ నడుస్తోంది. పిన్నీసుతో పొడిస్తే అయిపోయింది. దానికి నేను పంపు, వైరింగ్, ఫిల్టర్ అన్నీ కొన్నా.

అందుకే ఇది రాస్తున్నా. పంపు ఎంత గట్టిది కొనాలి అని అడిగేవాళ్ళే ఎక్కువ, కార్బొరేటర్‌కి కావాల్సింది మాత్రం గట్టి పంపు కాదు, ఆగకుండా అందే చిన్న ప్రెజర్. అది ఎంతుందో కొలవకుండా ఏదీ కొనొద్దు, ఏదీ తిప్పొద్దు.

ముందు పంపు ఏం చేస్తుందో రెండు నిమిషాలు

పద్మిని లాంటి బండ్లలో ఇంజిన్ పక్కన బిగించి ఉండేది మెకానికల్ పంపు. లోపల క్యామ్‌షాఫ్ట్ మీదున్న ఎగుడు (క్యామ్) లీవర్‌ని తోస్తుంది, లీవర్ డయాఫ్రంని (రబ్బరు పొర లాంటిది) కిందకి లాగుతుంది, అప్పుడు ట్యాంకు నుంచి పెట్రోలు లోపలికొస్తుంది. ఇక్కడ చాలామంది తప్పు అర్థం చేసుకునేది ఏంటంటే, పెట్రోల్ని కార్బొరేటర్‌లోకి తోసేది క్యామ్ కాదు, డయాఫ్రం కింద ఉన్న స్ప్రింగ్. కాబట్టి ప్రెజర్ ఎంత అన్నది స్ప్రింగ్ బలం మీద ఉంటుంది, మీరు ఎంత రేస్ ఇచ్చారన్నదాని మీద పెద్దగా కాదు. కార్బొరేటర్ నిండి, పెట్రోలు లోపలికొచ్చే చోట ఉండే నీడిల్ మూసుకోగానే పెట్రోలుకి వెళ్ళే దారి ఉండదు, డయాఫ్రం కిందే ఉండిపోతుంది, లీవర్ ఊరికే ఆడుతుంది. వేరే ఏ కంట్రోలూ అక్కర్లేదు, ఈ డిజైన్ గీసినవాడికి దణ్ణం పెట్టొచ్చు.

మోరిస్ మైనర్ లాంటి బ్రిటిష్ బండ్లలో ఎస్‌యూ కంపెనీ ఎలక్ట్రిక్ పంపు ఉంటుంది, తాళం తిప్పగానే టకటకటక అని కొట్టి, కార్బొరేటర్ నిండాక ఆగిపోయేది. దాంట్లోనూ డయాఫ్రం, స్ప్రింగే, లాగేది మాత్రం కరెంటు కాయిల్. ఆ టకటక ఎప్పటికీ ఆగకపోతే ఎక్కడో గాలి పీలుస్తోందనో, నీడిల్ మూసుకోవట్లేదనో, ట్యాంకు ఖాళీ అనో అర్థం. ఒక్కసారి కూడా కొట్టకపోతే చాలాసార్లు లోపల కరెంటు కలిపే పాయింట్లు మసిపట్టి ఉంటాయి, స్పానర్ పిడితో చిన్నగా తడితే నడుస్తుంది. తడితే నడిచిందంటే పంపు బాగైందని కాదు, ఇంటికి చేరతారని.

ప్రెజర్ ఎంత ఉండాలి

పాత సోలెక్స్‌లకి 2 నుంచి 3 పీఎస్ఐ. ఎస్‌యూ కార్బొరేటర్లకి ఒకటిన్నర నుంచి 3 లోపు, 3 దాటితే ఓవర్‌ఫ్లో పైపు నుంచి కారడం మొదలెడతాయి. వెబర్లు రెండున్నర నుంచి మూడున్నర. అమెరికన్ హోలీలు మాత్రం వేరే జాతి, వాటికి 5 నుంచి 7 దాకా మామూలు. నెట్‌లో దొరికే సలహాల్లో సగం అమెరికా వాళ్ళు వాళ్ళ వీ8 బండ్ల కోసం చెప్పినవి, అవి చదివి మన 1089 సీసీ ఫియట్‌కి 6 పీఎస్ఐ పెడితే ఏమవుతుందో పైన చెప్పా కదా.

ఎందుకు పొంగుతుందంటే, కార్బొరేటర్ లోపల ఒక చిన్న నీడిల్, దాన్ని పైకి తోసి మూసేది ఫ్లోట్. ఆ ఫ్లోట్‌కి ఉన్న బలం అంతా పెట్రోల్లో తేలడం వల్ల వచ్చేదే, అంటే కొన్ని గ్రాముల లెక్క. అటువైపు నుంచి పెట్రోలు నీడిల్‌ని కిందకి తోస్తుంటుంది. ప్రెజర్ డబుల్ అయితే ఆ తోపు డబుల్, ఫ్లోట్ బలం మాత్రం అంతే. కాస్త పొంగితే పైకి ఏం కనపడదు, బండి నల్ల పొగ, ఐడిల్ ఎగుడుదిగుడు, ప్లగ్గులు మసి, మైలేజీ పడిపోవడం, అంతే. జనం జెట్లు (కార్బొరేటర్‌లో పెట్రోలు వచ్చే సన్న బొక్కల ముక్కలు) మారుస్తూ, ట్యూనింగ్ స్క్రూ తిప్పుతూ నెలలు గడిపేస్తారు, తప్పు పంపు దగ్గరుంటుంది.

ఇక ఎంత పెట్రోలు కావాలి అన్నది. ఫుల్ లోడ్‌లో ఒక హార్స్‌పవర్‌కి గంటకి సుమారు 225 గ్రాముల పెట్రోలు అనుకోండి. ఫియట్ ఇంజిన్ ఓ 40 హార్స్‌పవర్, అంటే గంటకి 9 కిలోలు, లీటరు పెట్రోలు ముప్పావు కిలో కన్నా కొంచెం తక్కువ తూగుతుంది కాబట్టి 12 లీటర్ల చిల్లర. 1489 సీసీ అంబాసిడర్‌ని 50 హార్స్‌పవర్ లెక్కేస్తే 15 లీటర్లు. అదీ యాక్సిలరేటర్ నేలకి తొక్కిపట్టి గంటసేపు నడిపితే, మన రోడ్ల మీద ఎవరు నడుపుతారు. డబుల్ సేఫ్టీ వేసుకున్నా గంటకి 30 లీటర్లు, అంటే నిమిషానికి అర లీటరు. మార్కెట్లో దొరికే అతి చిన్న ఎలక్ట్రిక్ పంపు కూడా ఇంతకి రెండు మూడు రెట్లు ఇస్తుంది. కాబట్టి డబ్బా మీద గంటకి ఇన్ని లీటర్లు అని పెద్ద అంకెలు చూసి మురిసిపోకండి, ఆ పక్కన పీఎస్ఐ ఎంతుందో చూడండి.

కొనేముందు కొలవండి

కావాల్సినవి: 0 నుంచి 15 పీఎస్ఐ ఉన్న గేజ్ (0 నుంచి 100 ఉన్న ఎయిర్ గేజ్ వద్దు, దాంట్లో 2కీ 4కీ తేడా తెలీదు), ఒక టీ జాయింటు, అర మీటరు పెట్రోలు హోస్, నాలుగు క్లిప్పులు, గుర్తులున్న ఒక డబ్బా, దగ్గర్లో ఏబీసీ పౌడర్ ఫైర్ ఎక్స్‌టింగ్విషర్. చివరిది చాలామంది నవ్వేసి వదిలేస్తారు, నేనూ ఆ ఆదివారం దాకా నవ్వినవాణ్ణే. బయట, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు, బ్యాటరీ వైరు తీసి పని మొదలెట్టండి, ఆ చుట్టుపక్కల బీడీ సిగరెట్టు ఎవరి చేతిలోనూ ఉండకూడదు.

1. ట్యాంకు మూత. ఆగిపోయే కంప్లయింట్ ఉంటే మూత వదులుగా పెట్టి ఒక రౌండు కొట్టి రండి. ఆగకపోతే మీ పని అయిపోయింది, ఇక చదవక్కర్లేదు.

2. ఆయిల్ గేజ్ పుల్ల తీసి వాసన చూడండి. పెట్రోలు కంపు కొడితే, లేదా లెవెల్ పెరిగి ఉంటే, మెకానికల్ పంపు డయాఫ్రం చిరిగి పెట్రోలు నేరుగా ఆయిల్ చాంబర్‌లోకి దిగుతోంది. ఆ బండిని అలా నడపొద్దు, ఆయిల్ పల్చబడి బేరింగులు పోతాయి, నిప్పు భయం కూడా. పంపు బాగుచేసి ఆయిల్ మొత్తం మార్చాకే స్టార్ట్ చెయ్యండి.

3. పంపు కింద వైపు చిన్న బొక్క ఉంటుంది, దాని చుట్టూ తడి ఉందేమో వేలుతో చూడండి. తడి అంటే డయాఫ్రం పని అయిపోవస్తోంది.

4. ట్యాంకు నుంచి పంపు దాకా రబ్బరు ముక్కలన్నీ తడిమి చూడండి. ఇవి పెట్రోలు కారకుండానే గాలి పీలుస్తాయి, ఎందుకంటే ఆ వైపు ఉండేది ప్రెజర్ కాదు, పీల్పు. మెత్తగా జిగురు పట్టినవీ, వంచితే పగుళ్ళు కనపడేవీ అన్నీ మార్చెయ్యండి.

5. ఇప్పుడు పంపుకీ కార్బొరేటర్‌కీ మధ్య పైపులో టీ జాయింటు, దానికి గేజ్. గేజ్‌ని కార్బొరేటర్ ఎత్తులోనే పెట్టండి. పెట్రోలు ఒక మీటరు పైకెక్కితే దాదాపు 1 పీఎస్ఐ తగ్గుతుంది, డిక్కీ కింద కొలిచి మూడుందని సంబరపడితే కార్బొరేటర్ దగ్గర అది రెండున్నరో ఇంకా తక్కువో అయి ఉంటుంది. మనకి లెక్క కార్బొరేటర్ దగ్గరిదే. బ్యాటరీ పెట్టి స్టార్ట్ చేసి, జాయింట్లు కారట్లేదని చూసుకుని, ఐడిల్‌లో ఎంతుందో రాసుకోండి, సుమారు 3000 ఆర్‌పీఎం దగ్గర ఎంతుందో రాసుకోండి. ముల్లు కాస్త వణకడం మామూలే. ఇంజిన్ ఆపాక వెంటనే సున్నాకి పడిపోతే పంపు వాల్వు గానీ కార్బొరేటర్ నీడిల్ గానీ పట్టట్లేదు, మెల్లగా దిగితే ఫర్వాలేదు.

6. క్వాంటిటీ. మెకానికల్ పంపుకి కాయిల్ వైరు తీసేసి, కార్బొరేటర్ దగ్గర పైపు ఊడదీసి డబ్బాలో పెట్టి ఇంకొకరిని సెల్ఫ్ కొట్టమనండి, పది సెకన్లు చాలు, ధార జల్లుజల్లుగా బలంగా రావాలి, మధ్యలో బుడగలు రాకూడదు. ఎలక్ట్రిక్ పంపయితే నిమిషం నడిపి అర లీటరు వచ్చిందో లేదో చూడండి. బుడగలొస్తే నాలుగో నంబరుకి వెనక్కి వెళ్ళండి.

ప్రెజర్ బాగుండి క్వాంటిటీ తక్కువైతే దాదాపు ఎప్పుడూ దారి మూసుకుపోయినట్టే, ఫిల్టరో, ట్యాంకులో జాలీనో, ఎప్పుడో సొట్టపడిన పైపో. క్వాంటిటీ బాగుండి ప్రెజర్ తక్కువైతే స్ప్రింగ్ నీరసపడింది. రెండూ తక్కువైతే పంపు విప్పాల్సిందే.

మెకానికలా, ఎలక్ట్రిక్కా

నా ఓటు మెకానికల్‌కే, ఇంజిన్ కంపెనీ నుంచి వచ్చినట్టే ఉంటే. వైరు లేదు, ఫ్యూజు లేదు, ఇంజిన్ ఆగితే పంపూ ఆగుతుంది, అంటే యాక్సిడెంట్ అయినా పెట్రోలు చిమ్ముతూ ఉండదు. రిపేర్ కిట్ డబ్బులు కూడా పెద్దగా కావు. బాడీ రెండు ముక్కలు విడదీసే ముందు ఆకురాయితో ఒక గీత పెట్టుకోండి, లేకపోతే తిరిగి పెట్టేటప్పుడు ఇన్‌లెట్ ఎటో అవుట్‌లెట్ ఎటో అవుతుంది. స్క్రూలు ఆఖరి బిగింపు బిగించేటప్పుడు లీవర్‌ని పూర్తిగా నొక్కిపట్టి బిగించాలి, డయాఫ్రం పూర్తి దూరం కదలడానికి కావాల్సిన వదులు అప్పుడే వస్తుంది. ఇది తెలీక ఊరికే బిగిస్తే కొత్త డయాఫ్రం బిర్రుగా ఉండి కొన్నాళ్ళకే అంచున చిరుగుతుంది.

పంపుకీ ఇంజిన్‌కీ మధ్య ఉండే బేకలైట్ ముక్క పారెయ్యొద్దు, అది వేడి ఆపడానికి. అలాగని ప్యాకింగులు ఒకదానిమీద ఒకటి వేసుకుంటూ పోయినా లీవర్ కొట్టే దూరం తగ్గి పెట్రోలు తక్కువ వస్తుంది. పాతవి ఎంత మందం ఉంటే అంతే వెయ్యండి.

ఎలక్ట్రిక్ ఎప్పుడు పెట్టాలంటే, బండి నెలల తరబడి ఆగి ఉండి ప్రతిసారీ సెల్ఫ్ కొట్టీ కొట్టీ బ్యాటరీ దిగిపోతుంటే, లేదా మిగతావన్నీ సరిచేసినా ఎండాకాలం వేపర్ లాక్ వదలకపోతే. ఈ రెండోది మన దగ్గర నిజమైన సమస్య. మేలో రోడ్డు మీద 45 డిగ్రీలు, బానెట్ కింద ఇంకెంతో, ముందున్న మెకానికల్ పంపు ట్యాంకు నుంచి అంత దూరం పీలుస్తోంది, పీల్చేచోట పెట్రోలు మీద ఒత్తిడి తగ్గుతుంది, ఒత్తిడి తగ్గితే ఇంకా తక్కువ వేడికే మరుగుతుంది, పైపులో ఆవిరి నిండితే పంపు ఆవిర్ని నొక్కుతూ కూర్చుంటుంది. వెనక నుంచి తోస్తే ఒత్తిడి పెరిగి ఆ మరిగేదేదో తగ్గుతుంది. మన టాక్సీ డ్రైవర్లు పంపు మీద తడిగుడ్డ చుట్టేవాళ్ళు కదా, మా అమ్మ కూడా గుంటూరు వెళ్ళేటప్పుడు ఒక పాత టవలు, సీసాతో నీళ్ళు ఒళ్ళో పెట్టుకుని కూర్చునేది. డాలస్‌లో మా బామ్మర్దికి 1967 మస్టాంగ్ ఉంది, అక్కడి పాతకాలం వాళ్ళు పెట్రోలు పైపుకి చెక్క బట్టల క్లిప్పులు వరసగా పెట్టేవాళ్ళట. తడిగుడ్డ పని చేస్తుందని నేను చూశా, క్లిప్పుల సంగతి వాడే చెప్పాలి.

ఎలక్ట్రిక్ కొంటే ఫాసెట్ క్యూబ్ లాంటి చిన్న సాలిడ్ స్టేట్ (లోపల పాయింట్లు లేని ఎలక్ట్రానిక్) పంపుల్లో ఒకటిన్నర నుంచి 4 పీఎస్ఐ ఉన్న మోడల్ అడగండి, అదే చూపులతో 4 నుంచి 7 ఉన్నదీ ఉంటుంది, డబ్బా మీద చదివి తీసుకోండి. హోలీ కంపెనీ పంపుల్లో రెడ్ 7 దాకా, బ్లూ 14 దాకా కొడతాయి, మన బండ్లకి రెండూ అక్కర్లేదు. ఇంజెక్షన్ బండ్ల పంపు, అంటే ట్యాంకులో మునిగి ఉండేది, అసలు ముట్టుకోకండి, అది 40 పీఎస్ఐ పైన కొడుతుంది, ఏ చిన్న రెగ్యులేటరూ దాన్ని రెండున్నరకి దించి నిలబెట్టలేదు. "స్క్రాప్‌లో ఉంది అన్నా, రెండొందలకి ఇస్తా" అంటారు, వినకండి.

బిగించే పద్ధతి

పంపు వెనక, ట్యాంకుకి దగ్గరగా, వీలైతే ట్యాంకు అడుగు కన్నా కిందకి. ఈ పంపులు తోయడంలో గట్టివి, పీల్చడంలో బద్ధకం. సైలెన్సర్‌కి దూరంగా, రాళ్ళు తగలని చోట, రబ్బరు బుష్‌ల మీద, లేకపోతే రాత్రిళ్ళు డిక్కీలో ఎవరో తలుపు కొడుతున్నట్టుంటుంది. అవుట్‌లెట్ పైకి ఉండేలా నిలువుగా పెడితే గాలి బయటికి పోతుంది. పంపుకి ముందు జాలీ ఫిల్టర్, పంపు తర్వాత సన్న ఫిల్టర్. సన్న ఫిల్టర్ ముందు పెడితే పీల్పుకి అడ్డం. ప్లాస్టిక్ ఫిల్టర్ని ఎగ్జాస్ట్ దగ్గర్లో వేలాడదీయకండి. జాయింట్లకి తెల్ల టెఫ్లాన్ టేపు కూడా వద్దు, దాని పోగు ఒక్కటి తెగి నీడిల్ కింద చేరితే కార్బొరేటర్ పొంగుతూనే ఉంటుంది, మీరు పంపుని తిడుతూనే ఉంటారు. పెట్రోలు తట్టుకునే లిక్విడ్ సీలెంట్ వాడండి.

పాత మెకానికల్ పంపుని అలాగే ఉంచి వెనక ఎలక్ట్రిక్ పెట్టి రెండూ వరసలో నడపడం చాలా చోట్ల చూశా. స్టార్టింగ్‌కి సుఖమే, కానీ ముందున్న డయాఫ్రం చిరిగిన రోజు వెనక పంపు ఆ చిరుగులోంచి ఆయిల్‌లోకి లీటర్ల లెక్కన పంపిస్తుంది. ఎలక్ట్రిక్ పెడితే మెకానికల్ తీసేసి ఆ చోట రేకు ప్లేటు, ప్యాకింగు వేసి మూసెయ్యడం మంచిది. తీసిన పంపు డిక్కీలో పాత గుడ్డలో చుట్టి ఉంచుకోండి, దారిలో కరెంటు పంపు పోతే పనికొస్తుంది.

వైరింగ్‌లో పొదుపు చెయ్యకండి. బ్యాటరీ నుంచి 5 ఆంప్ ఫ్యూజు, అక్కణ్ణుంచి రిలే, రిలే నుంచి పంపు, ఎర్త్ విడిగా శుభ్రం చేసిన ఇనుము మీద. ఈ చిన్న పంపు తీసుకునేది ఒకటి ఒకటిన్నర ఆంపే, అయినా ముప్పై నలభై ఏళ్ళ వైరింగ్‌లోంచి లాగితే వెనక చేరేసరికి 12 వోల్టులు 10 అవుతాయి, అప్పుడు ప్రెజర్ కూడా పడుతుంది, మల్టీమీటర్ పంపు దగ్గరే పెట్టి చూడండి. రిలే నేరుగా తాళంతో పనిచేసేలా వదిలెయ్యొద్దు, మధ్యలో ఆయిల్ ప్రెజర్ స్విచ్ గానీ, గుద్దుకుంటే కట్ అయ్యే ఇనర్షియా స్విచ్ గానీ, వీలైతే రెండూ పెట్టండి. మెకానికల్ పంపు ఉచితంగా ఇచ్చిన సేఫ్టీని మనం తీసేశాం, తిరిగి కొనుక్కోవాలి. ఇంకోటి, పాత బ్రిటిష్ డిజైన్ బండ్లలో పాజిటివ్ ఎర్త్ ఉండొచ్చు, బ్యాటరీ ప్లస్ వైరు బాడీకి ఉందేమో చూడండి, సాలిడ్ స్టేట్ పంపు తిరగేసి కలిపితే కాలిపోతుంది.

హోస్ గురించి ఒక మాట. బంకుల్లో ఇప్పుడు దాదాపు అంతా ఈ20, అంటే 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు, 2023లో మొదలై ఎక్కడికక్కడ వచ్చేసింది. ఇథనాల్ పాత రబ్బర్ని ఉబ్బించి మెత్తబరుస్తుంది, ట్యాంకు గోడలకి పట్టిన ఏళ్ళనాటి పాచిని కడిగి ఫిల్టర్‌కి తెస్తుంది, నీళ్ళని పీల్చుకుంటుంది కాబట్టి నెలల తరబడి ఆపి ఉంచిన ట్యాంకులో తుప్పు. ఎస్ఏఈ జె30 ఆర్9 అని రాసి ఉన్న హోస్ అడగండి, డయాఫ్రం కిట్ కొంటే ఇథనాల్ తట్టుకునేదా అని అడిగి కొనండి. మొదటి రెండు మూడు ట్యాంకులకి ఫిల్టర్లు వెంటవెంటనే మార్చాల్సి వస్తుంది, కంగారు పడొద్దు.

రెగ్యులేటర్ పెట్టి సెట్ చేయడం

మీ పంపు కార్బొరేటర్ దగ్గర 3 లోపే కొడుతుంటే రెగ్యులేటర్ వద్దు, ఇంకో జాయింటు ఇంకో లీకు. ఎక్కువ ఉంటేనే పెట్టండి. మలపాస్సి ఫిల్టర్ కింగ్ అనే రెగ్యులేటర్ మన బండ్ల రేంజిలో పనిచేస్తుంది, హోలీలో అయితే 1 నుంచి 4 ఉన్నది వేరు, నాలుగున్నర నుంచి 9 ఉన్నది వేరు, చిన్నదే తీసుకోండి. మెరిసే క్రోమ్ బిళ్ళ మీద ఒకటి నుంచి ఆరు అంకెలేసి తిప్పుకునేవి చవగ్గా దొరుకుతాయి, ఆ అంకెలు నమ్మొద్దు. నేను ఒకదాన్ని 2 మీద పెట్టి కొలిస్తే 4 చూపించింది, 3 మీద పెట్టినా 4 చూపించింది.

బిగించేది కార్బొరేటర్‌కి దగ్గరగా, కానీ ఇంజిన్ మీద కాదు, బాడీకి. గేజ్ రెగ్యులేటర్ తర్వాత ఉండాలి. లాక్‌నట్ వదులు చేసి స్క్రూ పూర్తిగా వదిలెయ్యండి, అంటే తక్కువ నుంచి మొదలు. మొదట ఇంజిన్ స్టార్ట్ చెయ్యకుండా పంపు ఒక్కటే ఆన్ చెయ్యండి, కార్బొరేటర్ నిండి ముల్లు ఒకచోట ఆగాలి. ఆగి, మళ్ళీ నిదానంగా పాకుతూ పైకి పోతుంటే ఆ రెగ్యులేటర్ లోపల సీటు పట్టట్లేదు, తిరిగిచ్చెయ్యండి. ఆగితే, ఇంజిన్ స్టార్ట్ చేసి వేడెక్కనిచ్చి, ఐడిల్‌లో పావు చుట్టు పావు చుట్టు తిప్పుతూ, ప్రతిసారీ అర నిమిషం ఆగి, సోలెక్స్‌కి 2.5 దగ్గరికి తెచ్చుకోండి. తర్వాత రేస్ ఇచ్చి చూడండి, కొంచెం తగ్గుతుంది, ఒకటిన్నర పైన నిలిస్తే చాలు.

అప్పుడు రోడ్డు మీదకి. ఖాళీ ఐడిల్ ఏం చెప్పదు, నేనైతే దోర్నాల నుంచి శ్రీశైలం ఘాట్ ఎక్కించా, నలుగురం, డిక్కీలో లగేజీ, మే నెల. గేజ్‌ని పొడుగు హోస్‌తో బానెట్ సందులోంచి తీసి అద్దం ముందు టేపేశా, లోపల కూర్చుని చూడ్డానికి. పెట్రోలు హోస్‌ని క్యాబిన్‌లోకి మాత్రం ఎప్పుడూ తేకండి, గేజ్ అద్దానికి బయటే ఉండాలి. సెకండ్ గేర్లో లాగుతున్నప్పుడు 2 దగ్గర నిలబడింది. 1 కన్నా కిందకి పోయి బండి తడబడితే స్క్రూ తిప్పి ప్రెజర్ పెంచకండి, అది క్వాంటిటీ సమస్య, ఫిల్టర్లు చూడండి. ఊరికి తిరిగొచ్చాక ఆ గేజ్ తీసెయ్యండి, టెస్టుకే తప్ప రోజూ నడపడానికి కాదు.

ప్రెజర్ 2.5 ఉన్నా పొంగుతుంటే నీడిల్, సీటు అరిగాయి, లేదా ఫ్లోట్‌కి చిల్లు పడి పెట్రోలు చేరింది, చెవి దగ్గర ఊపితే చప్పుడవుతుంది. సోలెక్స్‌లో నీడిల్ వాల్వు కింద వాషర్ మందం మారిస్తే పెట్రోలు లెవెల్ మారుతుంది, మందం పెరిగితే లెవెల్ తగ్గుతుంది, అందుకే పాత వాషర్ పారేసి చేతికి దొరికింది వెయ్యకూడదు. ఇక బండి ఆపిన పది నిమిషాలకి వేడి మీద స్టార్ట్ అవ్వకపోవడం పంపు తప్పు కాదు, ఇంజిన్ వేడికి పైపులో పెట్రోలు మరిగి నీడిల్‌ని తోసుకుని లోపల పొంగుతుంది. దానికి కార్బొరేటర్ కింద మందం ఇన్సులేటర్ ముక్క, పైపుని ఎగ్జాస్ట్‌కి దూరంగా తిప్పడం, మరీ మొండికేస్తే ట్యాంకుకి సన్న బొక్కతో రిటర్న్ లైను. అప్పటిదాకా చోక్ ముట్టుకోకుండా యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కిపట్టి సెల్ఫ్ కొట్టండి, పంపింగ్ చెయ్యకండి.

అన్నీ అయ్యాక లాక్‌నట్ బిగించి, నట్‌కీ స్క్రూకీ కలిపి నెయిల్ పాలిష్ చుక్క పెట్టండి, ఎవరైనా తిప్పితే పగిలి తెలిసిపోతుంది. సర్వీసుకిచ్చినప్పుడు కుర్రాళ్ళు చూసిన స్క్రూనల్లా తిప్పుతారు కదా. మా ఆవిడ ఎరుపు సీసా దాచేసింది, అందుకని మా రెగ్యులేటర్ మీద చుక్క గులాబీ రంగు.